డెన్మార్క్ రాజకుటుంబం, వాళ్ల రాజభవనాలు: తెలిసినవాళ్లు కాస్త చెప్పండి

#1 గోదారి_గట్టు

అందరికీ నమస్కారం. జూన్‌లో అమ్మని తీసుకుని కోపెన్‌హాగన్ వెళ్తున్నాను. తమ్ముడు అక్కడే ఉద్యోగం చేస్తున్నాడు గానీ వాడికి ఆఫీసు, ఇల్లు తప్ప వేరే లోకం లేదు. ఊరు చూసుకునే పని మాదే. అమ్మకి రాజుల కథలంటే ప్రాణం. 2024 జనవరిలో మార్గరెథ్ రాణి గద్దె దిగి కొడుక్కి అప్పగించిన వార్త టీవీలో చూసి, "బతికుండగానే పెత్తనం వదులుకుందా!" అని ఎన్ని రోజులు ఆశ్చర్యపోయిందో.

నాకు ఫొటోలు దిగే చోట్ల లిస్టు అక్కర్లేదు, అది ఎక్కడైనా దొరుకుతుంది. రాజుగారు నిజంగా కాపురం ఉండే ఇల్లేది? లోపలికి వెళ్లనిస్తారా? అంత చదువుకున్న, సమానత్వం అంటే పట్టింపున్న దేశం ఇంకా రాజుని ఎందుకు ఉంచుకుంది? వీటికి జవాబులు తెలిసి వెళ్తే చూసిన నాలుగు గోడలకీ అర్థం ఉంటుందని నా ఆశ.

#2 ఉత్తరపు_గాలి

నేను ఈ ఊళ్లోనే ఉంటానండీ, తెలిసినంత చెప్తాను.

రాజుగారు ఉండేది అమాలియెన్‌బోర్గ్‌లో. పేరు ఒకటే గానీ అది ఒక భవనం కాదు. ఎనిమిది మూలల రాతి ఆవరణ, దాని చుట్టూ ఎదురుబొదురుగా ఒకే తీరు భవనాలు నాలుగు. నాలుగిళ్లకి కలిపి ఒక ఉమ్మడి వాకిలి ఉన్నట్టు ఉంటుంది. 1750ల్లో ఐదో ఫ్రెడరిక్ కాలంలో నికొలాయ్ ఐట్వెడ్ అనే ఆర్కిటెక్ట్ గీసిన ప్లాన్ ఇది. అసలు కట్టింది రాజు కోసం కాదు, నాలుగు పెద్ద జమీందారీ కుటుంబాల కోసం. 1794లో క్రిస్టియన్స్‌బోర్గ్ రాజభవనం కాలిపోయినప్పుడు రాజకుటుంబం ఈ ఇళ్లు కొనుక్కుని ఇటొచ్చింది, ఇక ఇక్కడే స్థిరపడిపోయింది.

ఇప్పుడు పదో ఫ్రెడరిక్ రాజు, మేరీ రాణి ఉండేది ఎనిమిదో ఫ్రెడరిక్ పేరున్న భవనంలో. 2010లో మరమ్మతులు పూర్తయ్యాక వాళ్లు అందులో దిగారు. ఆ పనుల్లో గోడల మీద బొమ్మలు వేసే పని పాత పద్ధతి వాళ్లకి కాకుండా ఈ కాలపు డేనిష్ కళాకారులకి ఇచ్చారు. పెద్దావిడ మార్గరెథ్ ఉండేది తొమ్మిదో క్రిస్టియన్ భవనం. విదేశీ అతిథులకి, విందులకి ఏడో క్రిస్టియన్ భవనం. మిగిలిన ఎనిమిదో క్రిస్టియన్ భవనంలో మ్యూజియం ఉంది, టికెట్ కొనుక్కుని వెళ్లొచ్చు.

ఆ మ్యూజియం మాత్రం మీ అమ్మగారికి చూపించండి. తొమ్మిదో క్రిస్టియన్ రాజు గదిని ఆయన వాడుకున్నట్టే ఉంచారు. ఒక కూతురు ఇంగ్లాండు రాణి, ఇంకో కూతురు రష్యా మహారాణి, ఒక కొడుకు గ్రీసు రాజు. యూరప్ అంతటికీ మామగారు అని ఆయనకి పేరు. ఆ గదిలో బల్ల మీద, గోడల మీద, ఎక్కడ జాగా దొరికితే అక్కడ పిల్లల ఫొటోలు, మనవల ఫొటోలు, వాళ్లు పంపిన కానుకలు. సింహాసనాల కంటే ఆ గది నాకు ఎక్కువ నచ్చింది. పిల్లలందరినీ దూరదేశాలకి పంపి ఫొటోలు చూసుకుంటూ కూర్చున్న తండ్రి గది అది.

ఆవరణకి గేటు లేదు. సైకిళ్లు, కార్లు మధ్యలోంచే పోతుంటాయి. రోజూ రోసెన్‌బోర్గ్ కోట పక్కనున్న బ్యారక్స్ నుంచి గార్డులు ఊరి వీధుల్లో కవాతు చేసుకుంటూ వచ్చి సరిగ్గా మధ్యాహ్నం 12కి డ్యూటీ మారతారు. ఎలుగుబంటి తోలు టోపీలు, నీలం డ్రెస్సు. రాజుగారు ఇంట్లో ఉంటే బ్యాండు మేళం కూడా ఉంటుంది, భవనం మీద జెండా ఎగురుతుంది. ముందు జెండా చూసుకోండి.

#3 పాతపుస్తకం

గోదారి_గట్టు గారూ, మీ అమ్మగారిలాగే డెన్మార్క్ జనం కూడా ఆశ్చర్యపోయారు. అక్కడ ఒక పాలకుడు తనంతట తాను గద్దె దిగడం 1146 తర్వాత ఇదే మొదటిసారి. పైగా మార్గరెథ్ "ఇది బతికున్నంతకాలం మోయాల్సిన బాధ్యత" అని అంతకుముందు ఎన్నోసార్లు చెప్పిన మనిషి. 2023 ఫిబ్రవరిలో ఆవిడ వెన్నుకి పెద్ద ఆపరేషన్ అయింది. ఆ ఏడాది డిసెంబరు 31 సాయంత్రం, ప్రతి ఏటా టీవీలో ఇచ్చే కొత్త సంవత్సరం సందేశం చివర్లో, జనవరి 14న తప్పుకుంటున్నానని చెప్పేశారు. 1972లో తండ్రి తొమ్మిదో ఫ్రెడరిక్ పోయి ఆవిడ రాణి అయింది కూడా జనవరి 14నే. సరిగ్గా 52 ఏళ్లు.

ఆ రోజు వీడియో దొరికితే చూడండి. క్రిస్టియన్స్‌బోర్గ్‌లో మంత్రిమండలి బల్ల. ఆవిడ కాగితం మీద సంతకం పెట్టారు. లేచి నిలబడి, తను కూర్చున్న కుర్చీ కొడుక్కి చూపించారు. "దేవుడు రాజుని కాపాడుగాక" అని ఒక్క మాట అని, కర్ర సాయంతో నడుచుకుంటూ బయటికి వెళ్లిపోయారు. అంతే, ఇంకేమీ లేదు. తర్వాత ప్రధాని మెట్టె ఫ్రెడరిక్సన్ బాల్కనీలోకి వచ్చి కొత్త రాజు పేరు ప్రకటించారు. కింద చలిలో నిలబడ్డ జనాన్ని చూసి యాభై దాటిన ఆ కొడుకు కళ్లు తుడుచుకున్నాడు.

కిరీటం పెట్టలేదు, పూజారి లేడు. 1849 రాజ్యాంగం వచ్చినప్పటి నుంచి ఆ దేశంలో పట్టాభిషేకాలే లేవు. 1840లో ఎనిమిదో క్రిస్టియన్‌కి జరిగిందే ఆఖరిది. కిరీటాలు రోసెన్‌బోర్గ్ కోట నేలమాళిగలో అద్దాల వెనక ఉన్నాయి. రాజు చనిపోయాక శవపేటిక మీద పెట్టడానికే వాటిని బయటికి తీస్తారు.

#4 సూటి_మాట

చదవడానికి బాగుంది. కానీ ఒక మాట అడగనివ్వండి. మన దేశంలో సంస్థానాలు కలిపేశాక కూడా రాజులకి ఇస్తున్న రాజభరణాలని 1971లో 26వ రాజ్యాంగ సవరణతో ఎత్తేశాం. హైదరాబాద్‌లో నిజాం పాలన చూసిన ఇళ్లలో పెరిగినవాళ్లం, రాజు అనే మాట వింటేనే మా తాతలకి వెట్టిచాకిరీ గుర్తొచ్చేది. పుట్టుకతో ఒకడు గొప్పవాడు అనే సూత్రం తప్పయితే హైదరాబాద్‌లోనూ తప్పే, కోపెన్‌హాగన్‌లోనూ తప్పే. ఆవిడ హుందాగా తప్పుకున్నారు, సంతోషం. కానీ తప్పుకుని ఎవరికి ఇచ్చారు? కొడుక్కి. జనం ఓటేశారా? ఆ నాలుగు భవనాలకి సున్నం వేయించే డబ్బు ఎవరిది?

గోదారి_గట్టు గారు మూడో ప్రశ్న మంచిది అడిగారు. దానికి ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు.

#5 ఉత్తరపు_గాలి

న్యాయమైన ప్రశ్నే సూటి_మాట గారూ. డబ్బు పన్నుల నుంచే వస్తుంది. పార్లమెంటు చట్టం చేసి రాజుకి ఏటా భరణం ఇస్తుంది, దాని మీద పన్ను ఉండదు, ప్రభుత్వోద్యోగుల జీతాలు పెరిగిన లెక్కన అదీ పెరుగుతుంది. భవనాల బాగోగులు ప్రభుత్వం చూసుకుంటుంది. ఇది తప్పు అనేవాళ్లు ఇక్కడా ఉన్నారు, పత్రికల్లో రాస్తారు, పార్లమెంటులో మాట్లాడతారు.

ఇక అధికారం సంగతి. క్రిస్టియన్స్‌బోర్గ్ వెళ్తే అది కళ్లకి కనిపిస్తుంది. రెండుసార్లు కాలిపోయి, 1907 నుంచి 1928 దాకా మూడోసారి కట్టిన భవనం అది. ఒకే కప్పు కింద పార్లమెంటు, ప్రధాని కార్యాలయం, సుప్రీంకోర్టు, ఒక పక్క రాజుగారి దర్బారు గదులు. ఆ నలుగురిలో నిర్ణయం తీసుకునే హక్కు లేనిది రాజుగారికే. చట్టం మీద ఆయన సంతకం ఉండాలి, కానీ పక్కన మంత్రి సంతకం లేకపోతే అది చెల్లదు. సంతకం పెట్టను అనే ఆచారం లేదు. ఎన్నికల్లో ఓటు కూడా వేయరు. సోమవారాలు దర్శనం ఉంటుంది. పతకాలు అందుకున్నవాళ్లు వచ్చి ఒక్కొక్కరే రాజుగారితో కాసేపు మాట్లాడి వెళ్తారు. వాళ్లలో రిటైరైన సాధారణ ఉద్యోగులు కూడా ఉంటారు.

నాకు అర్థమైనంతలో ఈ కుటుంబం నిలబడింది పట్టుకుని కూర్చున్నందుకు కాదు, వదులుకుంటూ వచ్చినందుకు. 1849లో నిరంకుశాధికారం వదులుకున్నారు. తర్వాత పట్టాభిషేకం పోయింది. 1953లో మగవారసుడే రాజు కావాలన్న పట్టు పోయింది. 2024లో కంపెనీలు తమ సరుకు మీద "రాజసంస్థాన సరఫరాదారు" అని వేసుకునే పాత బిరుదు కూడా ఎత్తేస్తామన్నారు, 2029 చివరికల్లా ఉన్నవాళ్లవి కూడా ముగుస్తాయి.

#6 మందారం

వదులుకోవడం అంటే నాకు 2022 గుర్తొస్తుంది. అది అంత సాఫీగా జరిగింది కాదు. ఆ సెప్టెంబరులో మార్గరెథ్ తన చిన్నకొడుకు యోకిమ్ పిల్లలు నలుగురికీ యువరాజు, యువరాణి బిరుదులు 2023 జనవరి 1 నుంచి ఉండవని ప్రకటించారు. ఇకపై కౌంట్, కౌంటెస్ అని మాత్రమే. తమకి సరిగా ముందు చెప్పలేదని, పిల్లలు బాధపడుతున్నారని యోకిమ్ పత్రికల ముందే అన్నాడు. ఏ ఇంట్లో అయినా పెద్దకొడుకు పిల్లలకి ఒకటి, చిన్నకొడుకు పిల్లలకి ఒకటి అంటే గొడవ రాదూ! వాళ్ల గొడవ దేశమంతా చూసింది.

కొద్ది రోజులకి ఆవిడే మళ్లీ ప్రకటన ఇచ్చారు. వాళ్లంతగా నొచ్చుకుంటారనుకోలేదు, అందుకు మన్నించమన్నారు. నిర్ణయం మాత్రం మార్చలేదు. నానమ్మగా కుమిలిపోయి ఉంటారు, రాణిగా అది చెయ్యక తప్పదనుకున్నారు. నాకైతే ఆవిడ చేసింది సరైనదే అనిపిస్తుంది. తర్వాత కొడుకు చేత ఆ పని చేయించి, అన్నదమ్ముల మధ్య పెట్టకుండా ఆ నింద తనే మోశారు.

మేరీ గురించి ఎవరూ చెప్పలేదు. ఆస్ట్రేలియాలో టాస్మేనియా అమ్మాయి, ఉద్యోగం చేసుకునేది. 2000 సిడ్నీ ఒలింపిక్స్ సమయంలో ఒక పబ్‌లో ఫ్రెడరిక్‌ని కలిసింది. 2004 మే 14న పెళ్లి. వచ్చి డేనిష్ నేర్చుకుంది, అది అంత తేలిగ్గా నోరు తిరిగే భాష కాదు. పిల్లల్ని ముందు పెట్టె ఉన్న సైకిల్‌లో కూర్చోబెట్టుకుని తనే తొక్కుకుంటూ తీసుకెళ్లేది. ఇద్దరు పిల్లల తర్వాత 2011 జనవరిలో కవలలు.

#7 పాతపుస్తకం

1953 మాట వచ్చింది కాబట్టి ఇది చెప్పాలి. సూటి_మాట గారు "జనం ఓటేశారా" అన్నారు. ఒకరకంగా వేశారు.

తొమ్మిదో ఫ్రెడరిక్‌కి ముగ్గురూ ఆడపిల్లలే. అప్పటి చట్టం ప్రకారం సింహాసనం ఆయన తమ్ముడు క్నుడ్‌కి, ఆ తర్వాత క్నుడ్ కొడుకులకి వెళ్లాలి. 1953 మే 28న కొత్త రాజ్యాంగంతో పాటు వారసత్వ చట్టాన్నీ జనం ముందు పెట్టారు. వచ్చిన ఓట్లలో మెజారిటీ ఉంటే చాలదు, దేశంలో ఓటు హక్కున్న అందరిలో 45 శాతం మంది అవునని వేయాలి. 45.76 శాతం వచ్చింది. ఆ పాటి ఓట్లు తగ్గి ఉంటే మార్గరెథ్ రాణి అయ్యేవారు కాదు. అప్పుడు ఆవిడకి 13 ఏళ్లు. పుట్టింది 1940 ఏప్రిల్ 16న, జర్మన్ సైన్యం దేశంలోకి దిగిన వారానికి.

అప్పటికీ మగపిల్లాడు ఉంటే వాడికే మొదటి హక్కు ఉండేది. 2009లో మళ్లీ ప్రజాభిప్రాయం అడిగి అదీ తీసేశారు. ఇప్పుడు ముందు పుట్టినవాళ్లదే వారసత్వం, ఆడైనా మగైనా.

#8 సముద్రతీరం

నేను చెన్నైలో స్థిరపడ్డ తెలుగువాణ్ణి. తమిళనాడు తీరంలోని తరంగంబాడికి తరచూ వెళ్తుంటాను, ఈ చర్చకి ఆ ఊరు కావాలి.

ఉత్తరపు_గాలి గారు చెప్పిన ఆ అమాలియెన్‌బోర్గ్ ఆవరణ నడిమధ్యలో ఐదో ఫ్రెడరిక్ గుర్రం మీద కూర్చున్న పెద్ద కంచు విగ్రహం ఉంది కదా. ఫ్రాన్స్ నుంచి వచ్చిన సాలీ అనే శిల్పి ఏళ్ల తరబడి చేసింది, 1771లో ఆవిష్కరించారు. దానికి డబ్బు పెట్టింది డేనిష్ ఏషియాటిక్ కంపెనీ. ఆ కంపెనీ వ్యాపారం చైనాతోనూ, మన తీరంతోనూ. బెంగాల్లో శ్రీరాంపూర్‌కి 1755లో వాళ్లు పెట్టిన పేరు ఫ్రెడరిక్స్‌నగర్, ఆ గుర్రం మీద కూర్చున్న రాజు పేరే. శ్రీరాంపూర్‌లోని సెయింట్ ఓలావ్ చర్చి ముందుభాగం మీద ఏడో క్రిస్టియన్ రాజముద్ర ఇప్పటికీ కనిపిస్తుంది.

అంతకంటే ముందు కథ మనవాళ్లది. 1618లో నాలుగో క్రిస్టియన్ రాజు ఓవె గెడ్డె అనే కుర్ర అధికారికి ఓడలు ఇచ్చి తూర్పుకి పంపాడు. 1620లో ఒప్పందం కుదిరింది తంజావూరు రఘునాథ నాయకుడితో. తెలుగులో కావ్యాలు రాసిన కవి, వీణ వాయించిన రసికుడు, తెలుగు కవులకి కొలువిచ్చిన రాజు. తరంగంబాడిలో డాన్స్‌బోర్గ్ కోట కట్టుకోనిచ్చింది ఆయనే. ఆయన డెన్మార్క్ రాజుకి బంగారు రేకు మీద రాయించి పంపిన లేఖ కోపెన్‌హాగన్ దస్త్రాల్లో భద్రంగా ఉంది. 1845లో తరంగంబాడిని, శ్రీరాంపూర్‌ని రెండింటినీ ఇంగ్లిష్ ఈస్టిండియా కంపెనీకి అమ్మేసి వెళ్లిపోయారు.

కోపెన్‌హాగన్‌లో రోసెన్‌బోర్గ్ కోట చూసేటప్పుడు, దాన్ని కట్టించిన నాలుగో క్రిస్టియనే తూర్పుకి ఓడలు పంపి మన రఘునాథుడితో ఒప్పందం కుదుర్చుకున్నవాడని మీ అమ్మగారికి చెప్పండి. ఆవిడకి ఆ కోట పరాయిదనిపించదు.

#9 సూటి_మాట

సముద్రతీరం గారికి దండాలు. ఇది నాకు తెలియని సంగతి, నా వాదనకి బలం కూడా. విగ్రహం ఇచ్చింది కంపెనీ, కంపెనీకి లాభం ఇచ్చింది మన తీరం. ఇదే ఐదో ఫ్రెడరిక్ కాలంలోనే కరీబియన్ దీవులు రాజు చేతికొచ్చాయి. అక్కడి చెరకు తోటల్లో ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలు చచ్చేదాకా పనిచేశారు. 2020 నవంబరులో కోపెన్‌హాగన్ లలితకళల అకాడమీ హాల్లోంచి ఇదే రాజు ప్లాస్టర్ బొమ్మని కొందరు కళాకారులు తీసుకెళ్లి హార్బర్ నీళ్లలో పడేశారు. ఆ అకాడమీ ఆయన హయాంలో పెట్టిందే. దేశంలో పెద్ద రభస అయింది, బాధ్యత తీసుకున్న అధ్యాపకురాలి ఉద్యోగం పోయింది.

విగ్రహాలు పగలగొట్టమని నేను అనను. కానీ ఆ ఆవరణలో నిలబడి "ఎంత బాగుందో" అనుకున్నాక, ఆ కంచుకి సొమ్ము ఎక్కడిది అని కూడా అడుక్కోవాలి.

#10 ఓరుగల్లు_వాసి

మంచి చర్చ అన్నలూ. నాదొక డౌటు. రెండో ప్రపంచ యుద్ధంలో యూదులు పసుపు నక్షత్రం పెట్టుకోవాలని జర్మన్లు ఆర్డరేస్తే, డెన్మార్క్ రాజు తానే ముందు పెట్టుకుని గుర్రం మీద ఊరేగాడని చిన్నప్పుడు క్లాసులో సార్ చెప్పారు. వాట్సాప్‌లో కూడా తిరుగుతుంటుంది. అది నిజమేనా?

#11 పాతపుస్తకం

నక్షత్రం కథ నిజం కాదు తమ్ముడూ. డెన్మార్క్‌లో యూదులకి ఆ ఆర్డరే వేయలేదు. కానీ నిజంగా జరిగింది అంతకంటే తక్కువది కాదు.

పదో క్రిస్టియన్ రాజు, అంటే మార్గరెథ్ తాతగారు, 1940లో దేశం వదిలి పారిపోలేదు. డెబ్బై దగ్గరపడ్డ వయసులో పొద్దున్నే ఒక్కడే గుర్రమెక్కి కోపెన్‌హాగన్ వీధుల్లో తిరిగేవాడు. బాడీగార్డు లేడు. పిల్లలు సైకిళ్ల మీద వెంటపడేవాళ్లు. ఆక్రమణలో ఉన్న ఊరికి ఆయన కనిపించడమే ధైర్యం. 1942 సెప్టెంబరులో ఆయన పుట్టినరోజుకి హిట్లర్ పొడుగాటి శుభాకాంక్షల టెలిగ్రామ్ పంపితే, ధన్యవాదాలు చెప్తూ ఒక్క ముక్క రాసి సంతకం పెట్టి పంపాడు. హిట్లర్ మండిపడి రాయబారిని వెనక్కి పిలిపించుకున్నాడు, కోపెన్‌హాగన్‌లో కఠినుడైన కొత్త ప్రతినిధిని పెట్టాడు.

1943 అక్టోబరులో యూదుల్ని పట్టుకెళ్లబోతున్నారని ముందే తెలియడంతో మామూలు జనం, చేపల పడవల వాళ్లు, డాక్టర్లు, చర్చివాళ్లు కలిసి 7,000 మందికి పైగా యూదుల్ని సముద్రం దాటించి స్వీడన్ చేర్చారు. నక్షత్రం కథలో పేరంతా రాజుకే వస్తుంది. రాత్రిపూట పడవ తోలినవాడికి రావాల్సిన పేరు అది. అందుకే ఆ కథ ఫార్వర్డ్ చెయ్యొద్దని నేను అందర్నీ బతిమాలుతుంటాను.

#12 స్టాక్‌హోమ్_శీను

పక్కదేశాల సంగతి నేను చెప్తాను. పదో క్రిస్టియన్ తమ్ముడే నార్వే రాజు ఏడో హాకోన్. 1905లో నార్వే స్వీడన్ నుంచి విడిపోయి ఆయన్ని పిలిస్తే, ముందు జనాన్ని అడగండి, వాళ్లు ఒప్పుకుంటేనే వస్తానన్నాడు. ఓటింగు పెట్టారు, బ్రహ్మాండమైన మెజారిటీ వచ్చింది. సూటి_మాట గారికి ఆ రాజు నచ్చుతాడు! 1940లో జర్మన్లు తాము చెప్పినవాణ్ణి ప్రధానిగా పెట్టమంటే, అలాగైతే నేను గద్దె దిగిపోతానన్నాడు. లొంగలేదు. ఇప్పుడు ఓస్లోలో రాజభవనం చుట్టూ ఉన్న పార్కుకి కంచె కూడా ఉండదు. మే 17న బడిపిల్లలు జెండాలు పట్టుకుని దాని ముందు నుంచే ఊరేగింపుగా వెళ్తారు, రాజకుటుంబం బాల్కనీలో నిలబడి గంటల కొద్దీ చేతులూపుతుంది.

మా స్వీడన్‌లో రాజుగారి అధికారం డెన్మార్క్ కంటే తక్కువ. 1975లో అమల్లోకొచ్చిన రాజ్యాంగం ప్రకారం పదహారో కార్ల్ గుస్తావ్ చట్టాల మీద సంతకం కూడా పెట్టరు, ప్రధానిని నియమించరు. ఊరి మధ్యలో 600 పైచిలుకు గదుల రాజభవనం ఉంది, అది ఆఫీసు కిందే. ఇల్లు మాత్రం ఊరి బయట సరస్సు ఒడ్డున డ్రోట్‌నింగ్‌హోల్మ్‌లో. మందారం గారు చెప్పిన బిరుదుల గొడవ ఇక్కడ 2019లో వచ్చింది. ఐదుగురు మనవల్ని రాజకుటుంబ విధుల నుంచి తప్పించారు, ప్రిన్స్, ప్రిన్సెస్ అన్న బిరుదులు మాత్రం ఉంచారు. పిల్లల తల్లిదండ్రులు సంతోషమేనన్నారు, గొడవ కాలేదు.

#13 ఉత్తరపు_గాలి

గోదారి_గట్టు గారూ, మీ ట్రిప్పు సంగతికొస్తాను.

మొదటి రోజు అమాలియెన్‌బోర్గ్ ఒక్కటే పెట్టుకోండి. ఆవరణలో విగ్రహం దగ్గర నిలబడి ఒకవైపు చూస్తే ఫ్రెడరిక్ చర్చి గుమ్మటం, రెండోవైపు నీళ్లకి అవతల ఒపేరా హౌస్, అన్నీ ఒకే గీత మీద. ఆ చర్చికి 1749లో శంకుస్థాపన చేస్తే మధ్యలో డబ్బుల్లేక ఆగిపోయి, వందేళ్లకి పైగా మొండిగోడలుగా ఉండి, చివరికి ఒక బ్యాంకరు పూనుకుంటే 1894లో పూర్తయింది.

రోసెన్‌బోర్గ్‌కి మరో రోజు, తొందర లేకుండా. అది చిన్న కోట, గదులు ఇరుకు, మెట్లు నిటారు. అమ్మగారికి మోకాళ్ల నొప్పులుంటే మెల్లగా ఎక్కించండి. కింది అంతస్తులో చలికాలపు గది ఉంది. నాలుగో క్రిస్టియన్ అందులో కూర్చుంటే సంగీతం వాయించేవాళ్లు కింద నేలమాళిగలో ఉండేవాళ్లు. నేలలో గొట్టాల్లాంటి దారులు పెట్టించాడు, పాట వినిపిస్తుంది, మనుషులు కనపడరు. 1644 నౌకాయుద్ధంలో 67 ఏళ్ల వయసులో ఆయన కన్ను పోయింది. ఆ రోజు వేసుకున్న బట్టలు నెత్తుటి మరకలతోనే అద్దాల పెట్టెలో ఉన్నాయి. వాటి ముందు చాలాసేపు నిలబడిపోయాను. పై అంతస్తు హాల్లో నార్వాల్ తిమింగలం దంతాలతో చేసిన సింహాసనం, దాని ముందు కాపలాగా మూడు వెండి సింహాలు. నేలమాళిగలో కిరీటాలు.

క్రిస్టియన్స్‌బోర్గ్‌లో దర్బారు గదులకి వెళ్తే బూట్ల మీద ప్లాస్టిక్ తొడుగులు వేసుకోమంటారు, నేల చెక్క పాడవకుండా. పెద్ద హాల్లో బ్యోర్న్ నోర్గార్డ్ గీసిన డెన్మార్క్ చరిత్ర నేతతెరలున్నాయి. మార్గరెథ్ 50వ పుట్టినరోజుకి డేనిష్ కంపెనీలు బహుమతిగా ప్రకటిస్తే, పారిస్‌లో నేసి తేవడానికి పదేళ్లు పట్టింది. వైకింగుల నుంచి నిన్నమొన్నటి దాకా, రంగులు మాత్రం కళ్లు చెదిరేలా ఉంటాయి. పెద్దవాళ్లకి కొందరికి నచ్చవు. నాకు ప్రాణం. భవనం టవర్ పైకి వెళ్లడానికి టికెట్ అక్కర్లేదు. కింద 1167 నాటి బిషప్ అబ్సాలోన్ కోట శిథిలాలు కూడా చూడొచ్చు.

ఫ్రెడెన్స్‌బోర్గ్ వసంతంలో, శరదృతువులో రాజకుటుంబం ఉండే చోటు. విదేశాల నుంచి వచ్చిన దేశాధినేతలు అక్కడి అద్దం మీద వజ్రంతో తమ పేరు గీసి వెళ్లే ఆచారం ఉంది. లోపలికి అనుమతించేది ఎండాకాలం నడిమధ్యలోనే, మీరు జూన్ అంటున్నారు కాబట్టి వెళ్లేముందు సైట్లో చూసుకోండి. బయటి పార్కు ఎప్పుడైనా తిరగొచ్చు. ఆర్హుస్ నగరానికి వెళ్తే అక్కడి రాజభవనం మార్సెలిస్‌బోర్గ్. అది యట్లాండ్ అనే ఆ ప్రాంతపు జనం 1898లో పదో క్రిస్టియన్ పెళ్లికి ఇచ్చిన కానుక. కుటుంబం అక్కడ లేనప్పుడు తోట అందరికీ తెరిచే ఉంటుంది.

#14 మందారం

రోస్కిల్డే వదిలేశారేంటండీ! కోపెన్‌హాగన్ నుంచి రైల్లో అరగంట. ఆ పెద్ద చర్చిలో దాదాపు 40 మంది రాజులు, రాణుల సమాధులున్నాయి, యునెస్కో గుర్తింపు కూడా ఉంది. మార్గరెథ్ తన కోసం తయారు చేయించుకున్న సమాధి కూడా అక్కడే. ఆ నేతతెరలు గీసిన నోర్గార్డే చేశాడు. అంతా గాజు, లోపల పడుకున్న ఇద్దరి ఆకారాలు, స్తంభాల మీద వెండి ఏనుగు తలలు. డెన్మార్క్ అత్యున్నత పురస్కారం గుర్తు కూడా ఏనుగే కదా.

ఇద్దరి కోసం చేసిన సమాధి అది. కానీ భర్త హెన్రిక్ అందులో పడుకోనన్నారు. ఫ్రాన్స్ నుంచి వచ్చి 1967లో ఆవిణ్ణి పెళ్లి చేసుకున్నారు. జీవితమంతా రాణికి సమానంగా తనకి రాజు అనే హోదా ఇవ్వలేదని బాధపడ్డారు. బతికుండగా సమానం కానప్పుడు పోయాక పక్కన ఎందుకన్నారు. 2018 ఫిబ్రవరిలో పోయారు. ఆయన కోరినట్టే అస్థికలు సగం సముద్రంలో కలిపారు, సగం ఫ్రెడెన్స్‌బోర్గ్ తోటలో పెట్టారు. కొందరు ఆయనది అహం అన్నారు. యాభై ఏళ్లు రెండడుగులు వెనక నడిచిన మనిషి బాధ నాకు అర్థమవుతుంది. మన దేశంలో ఆడవాళ్లు ఎందరో అలా నడిచారు, వాళ్లని ఎవరూ అడగలేదు.

#15 సూటి_మాట

అందరూ ఓపిగ్గా చెప్పారు, థ్యాంక్స్. చివరిగా ఒకటి. అధికారం లేదు, కిరీటం లేదు, బిరుదులు తగ్గించుకుంటున్నారు. మరి ఆ రాజు దేశానికి చేసే పనేంటి? టూరిజం అని మాత్రం చెప్పకండి. ఫ్రాన్స్‌లో రాజు లేడు, అక్కడి ప్యాలెస్‌కి జనం తగ్గలేదు.

#16 ఉత్తరపు_గాలి

గ్రీన్‌ల్యాండ్ చూడండి. అదీ, ఫారో దీవులూ, డెన్మార్కూ మూడూ కలిస్తే ఒక రాజ్యం. ముగ్గురికీ వేరు వేరు పార్లమెంట్లు, వేరు భాషలు. ప్రధాని డెన్మార్క్ ఓటర్లు గెలిపించిన మనిషి, కాబట్టి గ్రీన్‌ల్యాండ్ వాళ్లకి ఆ మనిషి కోపెన్‌హాగన్ తరఫు మనిషి. రాజు అలా కాదు. 2025 కొత్త సంవత్సరంలో ఫ్రెడరిక్ రాజచిహ్నం మార్పించారు. పాత స్వీడన్ కూటమి గుర్తుగా ఎన్నో వందల ఏళ్లుగా ఉన్న మూడు కిరీటాలు తీసేసి, గ్రీన్‌ల్యాండ్ ధ్రువపు ఎలుగుకి ఒక గడి, ఫారో గొర్రెపొట్టేలుకి ఒక గడి పెద్దగా ఇచ్చారు. అమెరికా అధ్యక్షుడిగా అప్పుడే ఎన్నికైన ట్రంప్ గ్రీన్‌ల్యాండ్ మాకు కావాలని అంటున్న రోజుల్లో వచ్చింది ఆ మార్పు. ఏప్రిల్ చివర్లో రాజుగారే గ్రీన్‌ల్యాండ్ రాజధాని నూక్ వెళ్లి అక్కడి వీధుల్లో జనంతో కలిసి నడిచారు. మంత్రి వెళ్తే అది రాజకీయం అయ్యేది.

అక్కడివాళ్లందరూ రాజుని నెత్తిన పెట్టుకుంటారని నేను అనట్లేదు. చిన్నపిల్లల్ని డెన్మార్క్ పంపేయడం లాంటి పాత అన్యాయాలు వాళ్లకి గుర్తున్నాయి, స్వతంత్రం కావాలనేవాళ్లు గట్టిగానే ఉన్నారు. కానీ ప్రస్తుతానికి ఆ ముగ్గురినీ కలిపి ఉంచేవాటిలో రాజు ఒకటి.

#17 సూటి_మాట

ఈ జవాబు ఒప్పుకుంటాను, ఇది పని. అయినా నేను ఆ దేశంలో ఉంటే తరానికొకసారి రాజు ఉండాలా వద్దా అని ఓటింగు పెట్టమనే అడుగుతాను. హాకోన్ రాజు ఒక్కడే ముందు అడిగి వచ్చాడు, మిగతావాళ్లు ఎందుకు అడగకూడదు?

గోదారి_గట్టు గారూ, అమ్మగారికి సైకిళ్ల దారిలో నడవొద్దని ముందే చెప్పండి, ఆ ఊళ్లో సైకిళ్లు ఆగవు. సముద్రతీరం గారు చెప్పిన ఆ విగ్రహం ఫొటో తీస్తే ఇక్కడ పెట్టండి.